ఐదున్నర శృతి నుంచి మూడుకి

యాభై దగ్గర పడేకొద్దీ షుగర్ వస్తుంది, బీపీ వస్తుంది, దగ్గరి చూపు అద్దాలు వస్తాయి అని అందరూ చెప్తారు గానీ ఆడదానికి గొంతు మారిపోతుందని మాత్రం నాకెవ్వరూ చెప్పలేదు. మగపిల్లోళ్లకి గొంతు విరుగుతుంది, అది నాకు బాగా తెలుసు, హైస్కూల్ టీచర్ని గదా, ఎనిమిదో తరగతిలో కీచుగా "ప్రెజెంట్ టీచర్" అన్నోడు ఎండాకాలం సెలవులు అయిపోయి వచ్చి అదే మాట అంటే ఎవుర్రా ఈ కొత్తోడు అని తలెత్తి చూస్తాం. వాళ్లకి అది పెద్దోళ్లు అవుతున్నారనే గుర్తు, నవ్వి ఊరుకుంటారు. అదే మాకు నలభై ఎనిమిది, నలభై తొమ్మిదిలో జరిగితే నవ్వేవాళ్లు కూడా ఉండరు, ఎందుకంటే ఎవరికీ తెలియనే తెలియదు, పాట పాడే ఆడవాళ్లకి తప్ప.

నేను పాట పాడే ఆడదాన్ని. చిత్తూర్లో మా చర్చి క్వయర్లో పదో తరగతి చదివేటప్పుడే ముందు వరసలో నిలబెట్టినారు, మధ్యలో బీఈడీకి తిరుపతి హాస్టల్లో ఉన్న కాలం, ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు కొన్నాళ్లు, అంతే, మిగిలిన ఆదివారాలన్నీ పాట ఎత్తుకునేది నేనే. నా శృతి ఐదున్నర. తెలియనోళ్లకి చెప్తా, హార్మోనియంలో ఒకటి అంటే ఒక తెల్లమెట్టు, ఒకటిన్నర అంటే దాని పక్కన నల్లమెట్టు, అట్ల లెక్క పెట్టుకుంటా పోతారు. ఆడవాళ్లు మామూలుగా నాలుగున్నర నుంచి ఆరు దాకా పాడతారు, నేను ఐదున్నరలో నిలబడి పై షడ్జమం, అంటే పై "స" దాటి ఇంకా పైకి పోయొచ్చేదాన్ని, మైకు లేకపోయినా చర్చి బయట వేపచెట్టు కింద చెప్పులు విడిచే వాళ్లకి కూడా వినపడేది. ఇది గొప్పకి చెప్పడం లేదు, సరే కొంచెం గొప్పకే చెప్తా ఉండా, ఇప్పుడు ఎట్లా లేదు గదా, చెప్పుకుంటే తప్పేముంది.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. 1911లో జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు నార్త్ ఆర్కాటులో ఉండేది, ఆ జిల్లాకి హెడ్‌క్వార్టర్స్ కూడా ఇదే, అందుకని మా ఊర్లో ఒకే వీధిలో ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో అరవం, మూడో ఇంట్లో రెండూ కలిపి కొట్టడం. చర్చి కూడా అట్లే, పొద్దున తమిళ ఆరాధన అయ్యాక తెలుగు ఆరాధన, వాళ్లు బయటికి వస్తా ఉంటే మేము లోపలికి పోతా ఉంటాం, గుమ్మం దగ్గర రెండు భాషల్లోనూ వందనాలు. 1853లో మొదలైన ఆర్కాట్ మిషన్, అంటే అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి నుంచి వచ్చిన స్కడర్ అన్నదమ్ములు పెట్టిన మిషన్, ఈ పక్క ఊర్లన్నిటికీ బడులూ ఆస్పత్రులూ తెచ్చింది. మా తాత చిన్నప్పుడు అది దొరల చర్చి, 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో నాలుగైదు రకాల సంఘాలు కలిసి సీఎస్‌ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయినాయి, స్వాతంత్ర్యం వచ్చి నెలన్నర కూడా కాలేదు అప్పటికి. మా తాత ఆ రెండింటినీ కలిపి ఒకే పండగలాగా చెప్పేవాడు.

పాటలు మాత్రం దొరలవి కావు. మన క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి పాట పైనా రాగం, తాళం అచ్చేసి ఉంటారు, శంకరాభరణం, ఆది తాళం అని. పల్లవి, చరణాలు అన్నీ పద్ధతిగా ఉంటాయి. ఈ మాట స్కూల్లో చెప్తే మా సైన్స్ టీచర్ నమ్మలేదు, వాళ్ల అక్క తిరుపతిలో ఎస్వీ సంగీత కళాశాలలో చదివింది, మీ పాటలకి రాగాలేంది అనింది, మరుసటి రోజు పుస్తకం పట్టుకుపోయి చూపించినాను, ఆవిడ స్టాఫ్ రూంలోనే కూర్చుని ఒక పల్లవి పాడేసింది, నాకంటే బాగా గమకాలు వేసి మరీ. ఆ రోజు మధ్యాహ్నం మా ఇద్దరికీ పీరియడ్ లేదు, ఉంటే బెల్లు కూడా వినేవాళ్లం కాదు.

మా అవ్వ శృతి మూడు.

అవ్వకి పెళ్లైన కొత్తలో టీబీ వచ్చింది, 1950ల మాట. అప్పట్లో టీబీ అంటే ఇంట్లో గ్లాసు, కంచం వేరే పెట్టేసేవాళ్లు, ఆ మనిషిని కూడా దాదాపు అట్లే పెట్టేసేవాళ్లు. తాత ఆమెని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంకి తీసకపోయినాడు, చాలా మిషన్లు కలిసి కట్టిన ఆస్పత్రి అది, డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మొల్లర్ అనే డాక్టరు దాన్ని నిలబెట్టినాడు, ఆ గాలి మంచిదని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్లంట. మందు కంటే ముందు విశ్రాంతి. మంచం మీద పడుకోవాలి, గట్టిగా మాట్లాడకూడదు, నవ్వకూడదు, పాట అసలు కూడదు. ఒక పక్క ఊపిరితిత్తికి సూదితో గాలి పెట్టి దాన్ని అణిచేసి పడుకోబెట్టేవాళ్లంట, అట్ల పెడితే పుండు మానుతుందని ఆ కాలం వైద్యం. అవ్వ చెప్పేది, "పాపా, పక్క మంచం ఆమెది తాడిపత్రి, ఇద్దరం పెదాలు కదుపుతా పాడుకునేవాళ్లం, నర్సమ్మ వస్తే నోరు మూసుకునేది" అని. నెలల తరబడి అట్ల శబ్దం లేకుండా పాడింది.

బయటికి వచ్చినాక ఆమె గొంతు బరువుగా, కింద నుంచి వచ్చేది. ఒక లైను మొత్తం ఊపిరి చాలేది కాదు, మధ్యలో ఆపి, గాలి తీసుకుని, మిగిలింది పాడేది, ఆ ఆపడం కూడా పాటలో భాగం అన్నట్టే ఉండేది. పొద్దున సంగటి కెలికేటప్పుడు, ఊరిబిండికి చెనిక్కాయలు వేయించేటప్పుడు అదే పాట. సాయంత్రం అయితే రేడియోలో శ్రీలంక నుంచి విశ్వవాణి అనే క్రైస్తవ కార్యక్రమం వచ్చేది మీడియం వేవ్‌లో, గరగరమని, ఆ గరగరతో కలిసి పాడేది. చర్చిలో అయితే జనమంతా ఒక శృతిలో ఉంటే అవ్వ తన మూడులో తాను ఉండేది, ఎవరికోసమూ పైకి పోయేది కాదు. హార్మోనియం మామ (మాకు బంధువేం కాదు, ఊరందరికీ మామే) నవ్వుతా అనేవాడు, "మీ అవ్వ శృతి నాకు రెండో పెట్టె కావాలి" అని. నేను ఐదున్నరలో ముందు నిలబడి పాడతా ఉంటే ఆమె నాలుగో బెంచీలో గోడ పక్కన కూర్చుని కింద కింద పాడుకునేది. పండు ముసలిదై పోయింది, టీబీతో కాదు.

ఇంక నా సంగతి. నలభై తొమ్మిదో ఏట మొదట్లో పై స్వరాలు జారిపోవడం మొదలైంది. అంటే ఎక్కాల్సిన చోటికి ఎక్కేదాన్ని గానీ అక్కడ నిలబడితే గాలి మాత్రమే వచ్చేది, స్వరం రాదు. జలుబేమో అనుకున్నా. మిరియాల పాలు, పసుపు ఆవిరి, అల్లం, అన్నీ అయినాయి. స్కూల్లో మూడో పీరియడ్‌కే గొంతు బొంగురు పోయేది, యాభై మంది పిల్లల క్లాసు, ఫ్యాన్ల మోత, బయట రోడ్డు మీద మామిడికాయల లారీలు, దాని మీద నేను అరవాల. డిసెంబర్ చలిలో అందరూ శాలువాలు కప్పుకుంటే నాకు చర్చిలో ఒక్కసారిగా ఒళ్లంతా ఆవిర్లు, చెమట, కీర్తనల పుస్తకంతో విసురుకుంటా ఉండేదాన్ని. ఆ క్రిస్మస్ ఆరాధనలో మొదటి పాట పల్లవి రెండోసారి ఎత్తుకునేటప్పుడు గొంతు రెండుగా చీలింది, మైకులో, పండగ జనం ముందర. వెనకాల ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది గొంతు పాడే వదిన పట్టుకుని లాక్కొచ్చేసింది పాటని, జనానికి తెలిసిందో లేదో గానీ మామ హార్మోనియం మీద నుంచి తలెత్తి చూసినాడు.

మా చిత్తూరు వాళ్లకి ఒంట్లో ఏ చిన్న తేడా వచ్చినా దారి ఒకటే, వేలూరు. ముప్పై అయిదు కిలోమీటర్లు, బస్సెక్కితే నిద్ర పట్టే లోపల వచ్చేస్తుంది. అక్కడి సీఎంసీ, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి కూడా ఆ స్కడర్ కుటుంబం పెట్టిందే, ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టి 1918లో ఆడవాళ్లకి మెడికల్ స్కూలు తెరిచింది, మగపిల్లల్ని 1947లో గానీ చేర్చుకోలేదు. ఆ లైన్లలో నిలబడి ఎదురు చూసేటప్పుడు ఈ సంగతులు తలుచుకుంటే కొంచెం ఓపిక వస్తుంది, లైను మాత్రం తగ్గదు.

అక్కడ ఈఎన్‌టీలో గొంతులోకి కెమెరా పెట్టి చూసినారు. థైరాయిడ్ టెస్టు పరగడుపున చేసినారు, అది బాగానే ఉంది. గడ్డలేం లేవు. ఆ డాక్టరమ్మ చిన్న పిల్ల, మా అమ్మాయి వయసు ఉంటుంది, తెలుగు తమిళం కలిపి చెప్పింది, నెలసరి ఆగిపోయే వయసులో హార్మోను తగ్గేకొద్దీ స్వరతంత్రులు కొంచెం మందం అవుతాయి, తడి తగ్గుతుంది, అందుకే గొంతు కిందికి దిగుతుంది, పై స్వరాలు పోతాయి, దానికి తోడు మీరు టీచరు, రోజంతా అరుస్తారు అని. జబ్బు కాదమ్మా అనింది. జబ్బు కాదు అంటే సంతోషపడాల గదా, నాకు మాత్రం జబ్బైతే మందు ఉండేదే అనిపించింది.

స్పీచ్ థెరపీలో నేర్పించిన పని వింటే నవ్వుతారు, గ్లాసులో సగం నీళ్లు పోసి స్ట్రా పెట్టి బుడగలు ఊదుతా "ఊ" అని సౌండ్ చేయాల, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. గుసగుసగా మాట్లాడొద్దు, దానికి ఇంకా ఎక్కువ కష్టం అంట గొంతుకి, ఇది నాకు కొత్త సంగతి. గొంతు సవరించుకోవద్దు, దాని బదులు ఒక గుక్క నీళ్లు మింగు. క్లాసుకి నడుముకి కట్టుకునే చిన్న మైకు కొనుక్కోమన్నారు, కొన్నా, మొదటి రోజు పెట్టుకుని పాఠం మొదలుపెడితే వెనక బెంచీలో ఒకడు "తిరుపతి పోవు ప్రయాణికులకు గమనిక" అన్నాడు. నిజంగానే అట్లే ఉంది సౌండ్, నేను కూడా నవ్వేసినా.

ఇంట్లో పొద్దున్నే నేను బుడగలు ఊదతా ఉంటే మా ఆయన పేపర్ చదువుకుంటా అంటాడు, "బైబిల్లో జెకర్యాకి కూడా గుడిలో మాట పడిపోయింది, బిడ్డ పుట్టిందాకా పలక మీద రాసి చూపించినాడు, నీకు పలక ఎట్లా అలవాటే, ఎలీసబెతమ్మకి ఆ తొమ్మిది నెలలు ఇల్లు ఎంత హాయిగా ఉండిందో" అని. ఆయన ఎగతాళి నాకు మామూలే గానీ ఆ మాట పట్టుకుంది. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా ప్రార్థన అంటే పాటే. మోకరించి మాటలతో చేసే ప్రార్థన నాకు ఎప్పుడూ సరిగా రాదు, చర్చిలో ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రిలో నన్ను ప్రార్థన చేయమంటే నాలుగు ముక్కలు చెప్పి ఆమెన్ అనేస్తా, అందరూ నవ్వుతారు, పాటైతే గంటలు. ఇప్పుడు ఆ దారి మూసుకుపోతే దేవుడి దగ్గరికి ఎట్ల పోవాల? ఇది వినేవాళ్లకి చిన్నగా ఉంటుంది. నాకు ఆ ఏడు పెద్ద ప్రశ్న ఇదే, పిల్లల పెళ్లిళ్లు, ఇంటి లోను కంటే పెద్దది.

సంఘంలో మంచివాళ్లు చాలామంది ప్రార్థన చేసినారు, ఒకామె నూనె తెచ్చి గొంతుకి రాసి పోయింది, ప్రేమతోనే, నేను కాదనలేదు. కానీ ఒక కూటానికి బయట నుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన నా మీద చేయి పెట్టి ఈ గొంతుని పట్టిన ఆత్మని గద్దిస్తా ఉండా అన్నాడు, రెండోసారి పోయినప్పుడు ఇంకా రాలేదంటే నీ విశ్వాసంలో ఎక్కడో లోపం ఉందమ్మా అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. యాభై ఏళ్లు దెయ్యం ఎట్లా అవుతుంది అయ్యా? దేవుడు అబ్రాహాముని బయల్దేరమన్నది డెబ్బై అయిదేళ్లకి, మోషే ఫరో ముందర నిలబడింది ఎనభైకి, వాళ్ల వయసు ఎవరూ గద్దించలేదే. వయసుని వయసులాగా ఉండనీయండి. ఈ మాట ఆయనతో అనలేదు, ఆయన జీపెక్కి పోయినాడు, ఇంటికొచ్చి సంగటి కెలుకుతా కట్టెతో చెప్పుకున్నా.

ఆ ఏడు ఈస్టర్ దాకా క్వయర్లో నిలబడలేదు. ఈస్టర్ ముందర వచ్చే శ్రమకాలం మొత్తం కింద బెంచీలో కూర్చున్నా, ఎన్నేళ్లకో. ముందు నిలబడి చూస్తే జనం అంతా ఒకటే మొహం లాగా ఉంటుంది, కింద కూర్చుంటే పక్కనోళ్లు తెలుస్తారు. రిటైర్డ్ తహసీల్దారు ఒకాయన ప్రతి పాటలోనూ రెండో చరణం మూడోదానిలో కలిపేస్తాడు, ధైర్యంగా. మా వెనక బెంచీ ఆమె కానుకల పాట రాగానే పర్సు జిప్పు తీసి, పాట అయ్యేదాకా వెతుకుతానే ఉంటుంది. ఒకసారి మా పాస్టరు అయ్యగారి ప్రసంగం మొత్తం విన్నా, ముందు వరసలో ఉన్నప్పుడు ప్రసంగం టైంలో తర్వాత పాట ఏంది, ఏ చరణం వదిలేయాల అని సైగలు చేసుకుంటా ఉండేవాళ్లం గదా. బాగానే చెప్తాడు మా అయ్యగారు, నాకు ఇన్నేళ్లు తెలియదు.

ఆ కాలంలోనే సంఖ్యాకాండం చదివినా. ఎవరూ ఇష్టపడి చదివే పుస్తకం కాదు అది, మొత్తం లెక్కలు, గోత్రాలు, గుడారం మేకులు, తాళ్లు ఎవరు మోయాల అనేది. ఏడాదిలో బైబిలు మొత్తం చదివే చార్టులో ఆ వారం అదొచ్చింది. ఎనిమిదో అధ్యాయం చివర్లో లేవీయుల, అంటే దేవుడి గుడారంలో సేవ చేసే గోత్రం వాళ్ల సంగతి ఉంది, ఇరవై అయిదేళ్లకి పనిలో చేరాల, యాభై ఏళ్లు రాగానే ఆ పని మానేయాల. ఇంకోసారి చదివినా. దేవుడే పెట్టిన రిటైర్మెంట్! మన గవర్నమెంటు మాకు అరవై రెండు చేసింది, దేవుడు యాభైకే వదిలేసినాడు. మానేసి ఇంటికి పోమనలేదు, గుడారం దగ్గరే ఉండి తమ్ముళ్లకి తోడుగా కనిపెట్టుకుని ఉండాల, మోత పని మాత్రం చేయకూడదు. ఆ మోత ఏంటంటే మామూలుది కాదు, నాలుగో అధ్యాయంలో ఉంది, దేవుడి ఆజ్ఞలు పెట్టిన మందసం, బల్ల, దీపవృక్షం, ఎడారిలో భుజాల మీద. యాభై దాటినోడు ఇంకా నేనే మోస్తా అని పట్టుబడితే దారిలో మందసం కింద పడుతుంది, అది వాడి భక్తి కాదు, అందరికీ ప్రమాదం. అది చదివి నాకు ఏడుపు రాలేదు, ఏమీ రాలేదు, టీ పెట్టుకుని తాగినా, కానీ ఆ రోజు నుంచి దేవుడా నా పాత గొంతు ఇవ్వు అని అడగడం ఆగిపోయింది. నేను ఆపలేదు, ఆగిపోయింది.

ఇది అయ్యగారికి చెప్తే ఆయన బర్జిల్లయి కథ చదవమన్నాడు, రెండో సమూయేలు పంతొమ్మిదిలో. దావీదు కష్టంలో ఉంటే అన్నం పెట్టిన ముసలాయన, ఎనభై ఏళ్లు, దావీదు రాజ్యానికి తిరిగి వచ్చేటప్పుడు నాతో యెరూషలేముకి రా అంటాడు. ఆయన అంటాడు, నాకు తిండి రుచి తెలుస్తుందా, పాటలు పాడే మగవాళ్ల గొంతు, ఆడవాళ్ల గొంతు నాకింక వినబడుతుందా, నేనెందుకు నీకు బరువు, ఇదిగో ఈ కింహాముని తీసకపో అని. కుర్రోడిని పంపించి తను ఊరికి పోయినాడు. "టీచరమ్మా, మీ కింహాము ఎవరో చూసుకోండి" అన్నాడు అయ్యగారు.

కింహాము ఎదురుగానే ఉంది. నర్సింగ్ చదివే పిల్ల, సంతపేటలో ఉంటుంది, గొంతు ఎట్లుంటుందంటే ఆరు శృతిలో కూడా తేలిగ్గా తిరిగొస్తుంది. పాత కీర్తనలు రావు. దాని పాటలన్నీ ఫోన్లో ఉంటాయి, పల్లవి తిప్పి తిప్పి పాడటం, కళ్లు మూసుకోవడం, వెనకాల కీబోర్డులో మబ్బులాంటి సౌండు, నాకు అవి అంత నచ్చవు, నిజం చెప్తా ఉండా, కానీ పిల్ల మంచిది. శనివారం సాయంత్రాలు మా ఇంటికి రమ్మన్నా. నేను పాడి చూపించలేను గదా, కింద పాడితే అది పైన అందుకునేది, ఆ రాగానికి ఏ స్వరం దగ్గర ఊగాలో చేత్తో చూపించేదాన్ని. ఒక రోజు అడిగింది, "ఆంటీ, మీరు పాడేది వేరే పాట లాగా ఉంది, కింద పాడితే మాటలు అర్థమవుతున్నాయి" అని.

హార్మోనియం మామకి ఇప్పుడు ఎనభై దాటినాయి, పెట్టె పక్కన పెట్టేసినాడు, చర్చిలో కీబోర్డు పిల్లోడు వచ్చినాడు. నా శృతి ఎంతో తేల్చుకోవాలని మామ ఇంటికి పోయినా. ఆయన పెట్టె మీద గుడ్డ తీసి, దుమ్ము దులిపి, పట్టుకో అన్నాడు. మూడులో పట్టుకుంటే కొంచెం కిందగా ఉంది, నాలుగులో పట్టుకుంటే పైన చాలడం లేదు. "మూడున్నర ఇవ్వు మామా" అన్నా. పగలబడి నవ్వినాడు. "ఇన్నేళ్లు పాడినావు, మూడుకీ నాలుక్కీ మధ్య నల్లమెట్టు లేదని తెలియదా అమ్మాయ్, ఆ రెండూ ఆనుకునే ఉంటాయి, అటో ఇటో పోవాల్సిందే" అన్నాడు. మూడుకే పోయినాను. మా అవ్వ శృతి. మామ ఏమీ అనలేదు, ఒక్క పల్లవి వాయించి, నేను పాడినాక పెట్టె మూసేసి కాఫీ పెట్టమని కోడలికి కేకేసినాడు.

తర్వాత జరిగింది నేను అనుకోనిది. స్త్రీల మైత్రి కూటంలో సాక్ష్యం చెప్పే వంతు నాది. అక్కడ ఎప్పుడూ స్వస్థత సాక్ష్యాలే చెప్తారు, ఆపరేషన్ బాగా జరిగింది, పిల్లోడికి సీటొచ్చింది అని. నేను గొంతు పోయిన సంగతి, నెలసరి ఆగిన సంగతి, డాక్టరమ్మ చెప్పింది, బుడగలు, అన్నీ చెప్పేసినా. కాసేపు నిశ్శబ్దం, ఈవిడేంది చర్చిలో ఈ మాటలు అన్నట్టు. తర్వాత డెబ్బై ఏళ్ల పెద్దమ్మ, రిటైర్డ్ నర్సు, నిదానంగా అనింది, "నాకూ పోయింది పాట, నలభై ఏడుకో ఎంతకో. అప్పట్నుంచి పుస్తకం పట్టుకుని పెదాలు కదుపుతా ఉంటా, మీరు పెట్టే శృతి మాకు అందదు గదమ్మా." పక్కనామె నేనూ అంతే అనింది. ఇంకొకామె, ఇంకొకామె. నేను అంత ఎత్తులో పాడతా ఉంటే నా ముందర కూర్చున్న సగం మంది ఆడవాళ్లు ఏళ్ల తరబడి శబ్దం లేకుండా పాడతా ఉన్నారు, మా అవ్వ ఆరోగ్యవరంలో మంచం మీద పాడినట్టు. వాళ్లని ఏ నర్సమ్మా వద్దనలేదు, అయినా నోరు మూసుకునే ఉన్నారు. అది విని నాకు నా గొంతు సంగతి చిన్నదైపోయింది.

అయ్యగారిని, కమిటీని ఒప్పించి ఆదివారానికి ఒక్క పాట, ఒకే ఒక్కటి, మూడు శృతిలో పెట్టించినా. కీబోర్డు పిల్లోడికి కష్టమేం లేదు, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే దిగిపోతుంది, వాడికి నచ్చలేదు అంతే, డల్‌గా ఉంటుంది ఆంటీ అన్నాడు. క్వయర్లో చిన్న పిల్లలకి అంత కింద గొంతు అందక అవస్థ, నర్సింగ్ పిల్ల మొదటి వారం ఆ కింది స్వరం దగ్గర గాలి మాత్రమే వదిలింది, అచ్చం నాకు పైన జరిగినట్టే, నేను చూసి నవ్వుకున్నా, పాపం. మగవాళ్లు మాత్రం గట్టిగా పాడినారు, వాళ్లకి కూడా ఇన్నాళ్లు మా ఐదున్నర ఇబ్బందే అంట, ఎవరూ చెప్పలేదు! పెద్దమ్మ పాడింది. బాగా పాడిందని చెప్పలేను, తహసీల్దారు గారి లాగా చరణాలు కలిపేసింది. పాడింది.

ఆరాధనలో ఇప్పుడు నేను వాక్యం చదివే పని చేస్తా, సండే స్కూలు పిల్లలకి కీర్తనలు నేర్పిస్తా, ఆ ఒక్క పాటకి మాత్రం లేచి నిలబడి ఎత్తుకుంటా. పై స్వరాలు పాడాలని ఇంకా అనిపిస్తుంది. అప్పుడప్పుడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎక్కి చూస్తా, రాదు. బాధే. బాధ లేదని రాస్తే అబద్ధం అవుతుంది. ప్రార్థన కూడా మారింది, పాడకుండా ఊరికే కూర్చోవడం కొంచెం వచ్చింది, నిద్ర కూడా వస్తుంది అనుకోండి.

ఈ డిసెంబర్ క్యారల్స్ మీద మాత్రం మా చర్చిలో పెద్ద వాదన నడుస్తా ఉంది. మా కాలంలో రాత్రి తొమ్మిదికి బయల్దేరి గ్రీమ్స్‌పేట, కొంగారెడ్డిపల్లె, మిట్టూరు, కట్టమంచి అంతా నడిచేవాళ్లం, పెట్రోమాక్స్ లైటు, కర్రకి కట్టిన స్టారు, ప్రతి ఇంట్లో టీ, నిప్పట్లు, మురుకులు, ఆఖరి ఇంటికి వచ్చేసరికి తెల్లారుజాము, తినలేక జేబుల్లో, కొంగుల్లో కట్టుకునేవాళ్లం. ఇప్పుడు పిల్లలు వ్యాను మాట్లాడి దాని మీద స్పీకర్లు పెట్టుకుని పోదాం, పదకొండుకల్లా అయిపోతుంది అంటున్నారు. స్పీకర్లు ఉంటే మళ్లీ ఆరు శృతే, మేమంతా వ్యానులో కూర్చుని చప్పట్లు కొట్టాల్సిందే. నడిచి పోదాం, ఒక్క హార్మోనియం చాలు, మామ పెట్టె ఇస్తానన్నాడు అని నేను చెప్పినా. వచ్చే ఆదివారం కమిటీలో తేలుస్తారు. నడకకి చేయెత్తేది ఎవరెవరో లెక్క చూసుకున్నా, అందరూ యాభై దాటినోళ్లే, సగం మందికి మోకాళ్ల నొప్పులు, అయినా గెలుస్తాం అనుకుంటా, ఎందుకంటే నర్సింగ్ పిల్ల మా వైపుకి వచ్చేసింది.